నారు అమ్మే ముందు: సియాటెల్ మెరైనర్స్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

సియాటెల్ మెరైనర్స్ బేస్‌బాల్ విభాగం అధ్యక్షులు జెర్రీ డిపోటో గారికి, జనరల్ మేనేజర్ జస్టిన్ హాలండర్ గారికి,

నమస్కారం.

మీకు తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. నాకు కోపమొచ్చినా, ప్రేమొచ్చినా ఈ భాషలోనే వస్తాయి. పైగా రెడ్మండ్, బాతెల్, సమ్మామిష్ వైపు మీ టోపీలు పెట్టుకుని తిరిగే తెలుగువాళ్ళం తక్కువేం లేము. ఎవరో ఒకరు మీకు చదివి చెప్పకపోరు. 2026 సీజన్ మొదలుకాకముందే రాయడానికి కారణం ఒకటే: ట్రేడ్ల (జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే బేరాల) గడువు దగ్గరపడ్డాక మీకు ఫోన్లు ఎత్తడానికే తీరికుండదు.

2025 అక్టోబర్ 20 దీపావళి. ఇంటిముందు ప్రమిదలు వెలిగించాం. కాకరపువ్వొత్తులు, మతాబులు గుమ్మం దగ్గర పెట్టుకుని, ఏడో ఇన్నింగ్స్ అయ్యాక కాలుద్దామని మా అబ్బాయితో ఒప్పందం చేసుకున్నాను. టొరంటోలో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్. ఆ మ్యాచ్‌లో మనం 3-1 రన్లతో ముందున్నాం. ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే, 1977లో పుట్టిన ఈ జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ (టైటిల్ కోసం ఆడే ఆఖరి సిరీస్) గడప తొక్కుతుంది. ముప్పై జట్లలో ఆ గడప తొక్కనిది మనమొక్కరమే. అప్పటికి బేస్‌ల మీద ఇద్దరున్నారు. బంతి వేస్తున్న బ్రయాన్ వూని తప్పించి ఎడ్వర్డ్ బజార్డోని పంపారు. జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటింది. 4-3. అంతే.

మా నాన్న తెనాలి దగ్గర వరి రైతు. చుట్టపుచూపుగా వచ్చి ఆ నెలలో మా ఇంట్లోనే ఉన్నారు. బేస్‌బాల్ ఆయనకి అర్థమైందని చెప్పను గానీ, క్రికెట్ బాగా తెలుసు. టీవీ వైపు చూస్తూ, "ఒరే, మీవాళ్ళలో మొనగాడు ఎవడు?" అని అడిగారు. ఆండ్రెస్ మున్యోజ్ అన్నాను. ఆ సీజన్‌లో 38 సేవ్‌లు చేసినవాడు, అంటే అన్ని మ్యాచ్‌ల్లో ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినవాడు. "వాడేడి మరి?" బుల్‌పెన్‌లో (తమ వంతు కోసం బౌలర్లు ఎదురుచూసే చోట) ఉన్నాడు నాన్నా, చివరికి దాచారు అన్నాను. "చివరిదాకా ఏం మిగులుద్దనీ?" అన్నారు.

మా వాడు మతాబులు ముట్టుకోలేదు. అవి ఇప్పటికీ గరాజ్‌లోనే ఉన్నాయి.

ఆ రాత్రి మీరు ఫోన్ చేసి "ఒక పేరున్న సీనియర్ రిలీవర్ దొరుకుతాడు, బదులుగా మన కుర్ర బౌలర్ కేడ్ ఆండర్సన్‌ని అడుగుతున్నారు, ఏమంటావు?" అని ఉంటే, ఆండర్సన్‌తోపాటు మా కారు తాళాలు కూడా ఇచ్చేసేవాణ్ణి. చలికాలమంతా మా స్నేహితుల మధ్య నడిచిన మాటలూ అవే. మంచి నారంతా ఇచ్చేసైనా సరే, ఎనిమిదో ఇన్నింగ్స్‌కి ఒక అనుభవజ్ఞుడిని తేవాల్సిందే అని. నెలలు గడిచి కోపం చల్లారాక కూర్చుని పాత లెక్కలు తిరగేశాను. ఈ లేఖ ఆ తిరగేతలోంచి వచ్చింది.

ఈ ఆట తెలియని మనవాళ్ళ కోసం ఒక్క మాట. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ (బంతి వేసేవాడు) అలిసిపోయాక వచ్చి మిగతా అవుట్లు తీసేవాణ్ణి రిలీవర్ అంటారు. చిట్టచివరి ఇన్నింగ్స్‌కి ఉంచుకునేవాడు క్లోజర్. మన క్రికెట్‌లో డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడు. ఇక కింది లీగుల్లో ఎదుగుతున్న కుర్రాళ్ళని ప్రాస్పెక్ట్‌లంటారు, వాళ్ళుండే ఏర్పాటుకి ఇంగ్లీషులో పొలం పేరే పెట్టారు. మా నాన్నకి దాన్ని 'నారుమడి' అని చెబితే వెంటనే అర్థమైంది. పెద్ద లీగుకి వచ్చిన కుర్రాడు దాదాపు ఆరేళ్ళు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, మొదటి మూడేళ్ళూ కనీస జీతానికి కాస్త అటూఇటూగా. గడువు ముందు కొనే సీనియర్ రిలీవర్ చాలాసార్లు రెండు నెలలు ఆడి, అక్టోబర్ అవగానే మూట సర్దుకుని పోతాడు. ఆ రెండు నెలల్లో అతను వేసేది ఇరవై, ఇరవై ఐదు ఇన్నింగ్స్. తక్కెడలో ఒకవైపు ఆరేళ్ళు, ఇంకోవైపు పాతిక ఇన్నింగ్స్.

ఇదే తక్కెడ ముందు మన ఊరు 1997లో నిలబడింది. జూనియర్ గ్రిఫీ, రాండీ జాన్సన్, ఎడ్గార్ మార్టినెజ్, కుర్రాడైన అలెక్స్ రోడ్రిగెజ్, ఇంతమంది ఉన్న జట్టది. పగలంతా కట్టిన ఇల్లు రాత్రి బుల్‌పెన్ కూల్చేసేది. జూలై 31న అప్పటి పెద్దలు బోస్టన్ నుంచి హీత్‌క్లిఫ్ స్లోకంబ్ అనే క్లోజర్ని తెచ్చారు. బదులుగా ఇద్దర్నిచ్చారు: పిచర్ డెరెక్ లో, క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) జేసన్ వారిటెక్. అదే రోజు హోసే క్రూజ్ జూనియర్‌ని టొరంటోకిచ్చి ఇంకో ఇద్దరు రిలీవర్లని తెచ్చారు. డివిజన్ గెలిచాం. తొలి రౌండ్‌లో బాల్టిమోర్ చేతిలో 3-1తో ఓడి ఇంటికొచ్చాం.

డెరెక్ లో 2004లో బోస్టన్ తరఫున ప్లేఆఫ్స్ మూడు సిరీస్‌లలోనూ చివరి గెలుపు తన ఖాతాలో వేసుకున్నాడు, 86 ఏళ్ళుగా వరల్డ్ సిరీస్ గెలవని బోస్టన్ శాపం తెగిన ఏడాదది. వారిటెక్ ఆ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. పదిహేను సీజన్లు అక్కడే ఆడి, రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచి, నాలుగు నో-హిటర్లకి (అవతలి జట్టుకి ఒక్క హిట్టూ దక్కని మ్యాచ్‌లకి) క్యాచర్‌గా నిలిచాడు. మన నారు వేరే ఊళ్ళో కోతకొచ్చింది.

ఈ ట్రేడ్‌ని తలుచుకుని నవ్వేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. స్లోకంబ్‌ని ఎందుకు కొన్నారు? 1995లో 32 సేవ్‌లు, 1996లో 31. కొన్నది ఆ అంకెలని. 1997లో బోస్టన్‌లో అతని ఇ.ఆర్.ఏ. 5.79. అంటే అతను వేసే ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కీ దాదాపు ఆరు రన్లు. అమ్మేవాడు ఎందుకమ్ముతున్నాడో ఆ అంకెలోనే ఉంది. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మా తాతలు పళ్ళు చూసేవారు, పోయినేడు ఎన్ని ఎకరాలు దున్నిందో అడిగి ఊరుకునేవారు కాదు.

వారిటెక్‌ని వదులుకోవడం ఎందుకంత తేలికైందో కూడా చెప్పుకోవాలి. మనకి అప్పటికే మంచి క్యాచర్ ఉన్నాడు. ఆయన పేరు డాన్ విల్సన్. ఇప్పుడు మీ మేనేజరు! 2025 డిసెంబర్‌లో మీరేం చేశారు? కాల్ రాలీ ఒక్క సీజన్‌లో 60 హోమ్ రన్లు కొట్టి క్యాచర్ కుర్చీలో స్థిరంగా కూర్చున్నాడు కాబట్టి, 2021 డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) మొదటి రౌండ్‌లో ఎంచుకున్న క్యాచర్ హ్యారీ ఫోర్డ్‌ని, అతనితో ఐజాక్ లయన్ అనే పిచర్‌ని వాషింగ్టన్‌కిచ్చి, ఎడమచేతి రిలీవర్ హోసే ఫెరర్‌ని తెచ్చారు. ఒక క్యాచర్, ఒక పిచర్, బదులుగా ఒక రిలీవర్. 1997 నాటి బొమ్మే, రంగులు మారాయి. నాకు వార్త తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

అయినా ఈ ట్రేడ్‌ని నేను తప్పుపట్టను. ట్రేడ్ నాటికి ఫెరర్‌కి పాతికేళ్ళు. రెండు నెలల అద్దె మనిషి కాడు, ఇంకా కొన్నేళ్ళు మన దగ్గరే ఉంటాడు. ఫోర్డ్ ఎంత మంచి కుర్రాడైనా రాలీ ఉన్నంతకాలం ఇక్కడ చోటు లేదు. దీన్ని మా నాన్న భాషలో చెబితే, మన చేనుకి నాట్లు పడ్డాక మిగిలిన నారు కట్టలు ఎవరడిగినా ఇచ్చెయ్యొచ్చు. నాట్లు పడకముందే ఇచ్చేస్తే, దమ్ము చేసిన చేను బోసిగా చూస్తూ కూర్చోవాలి. ఫోర్డ్ మిగులు నారు. కేడ్ ఆండర్సన్ కాడు. 2025 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తెచ్చుకున్న ఎడమచేతి పిచర్ అతను. పిచర్ రయాన్ స్లోన్ కాడు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుండేవాడు) కోల్ట్ ఎమర్సన్ అసలే కాడు.

బోస్టన్‌వాళ్ళు నవ్వాల్సిన పనిలేదు, వాళ్ళదీ ఒక కథుంది. 1990 ఆగస్టు చివర 37 ఏళ్ళ రిలీవర్ ల్యారీ ఆండర్సన్ కోసం జెఫ్ బాగ్‌వెల్ అనే కుర్రాణ్ణి హ్యూస్టన్‌కిచ్చారు. ఈ ల్యారీ ఆండర్సన్ నిజానికి చాలా బాగా వేశాడు. 22 ఇన్నింగ్స్, ఇ.ఆర్.ఏ. 1.23. డివిజన్ గెలిచారు, ఓక్లండ్ చేతిలో 4-0తో ఊడ్చిపెట్టుకుపోయారు, ఆండర్సన్ ఆ చలికాలమే వెళ్ళిపోయాడు. బాగ్‌వెల్ 449 హోమ్ రన్లు కొట్టి 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. నన్ను కలవరపెట్టేది ఇదే. స్లోకంబ్ విషయంలో సరుకు చెడ్డది. ఆండర్సన్ విషయంలో సరుకు మంచిదే, అయినా బేరం చెడ్డదైంది.

అలాగని ప్రతిసారీ ఇంతే అనడం అబద్ధమవుతుంది. 2016లో చికాగో కబ్స్ క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్ కోసం గ్లేబర్ టోరెస్‌ని, ఇంకో ముగ్గుర్ని న్యూయార్క్ యాంకీస్‌కిచ్చారు. టోరెస్ తర్వాత ఆల్-స్టార్ అయ్యాడు. 1908 తర్వాత తొలిసారి ట్రోఫీ ఎత్తిన చికాగోలో ఆ బేరం గురించి ఎవరైనా బాధపడగా నేను వినలేదు. (చాప్‌మన్ ఆ ఏడాది మొదట్లో గృహహింస నియమాల కింద 30 మ్యాచ్‌ల సస్పెన్షన్ అనుభవించి వచ్చిన మనిషి. రన్లూ ఇన్నింగ్స్‌లూ లెక్కేసే మనం అలాంటివి లెక్కలో వేసుకోం. వేసుకోవాలి.) ఏడో మ్యాచ్‌లో అదే చాప్‌మన్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాజై డేవిస్‌కి హోమ్ రన్ ఇచ్చి ఆధిక్యం పోగొట్టాడు. ముందురోజు మ్యాచ్‌లో ఐదు రన్ల ఆధిక్యం ఉండగానే అతన్ని దించి అలసగొట్టారు. కొన్న ఎద్దుకి పని ఎప్పుడు చెప్పాలో తెలియకపోతే వచ్చే నష్టమిది, ఆ రాత్రి వాన, పదో ఇన్నింగ్స్ కలిసొచ్చి బయటపడ్డారు.

2023లో మన డివిజన్‌లోనే టెక్సాస్ మళ్ళీ ఆ చాప్‌మన్‌నే కాన్సస్ సిటీ నుంచి తెచ్చుకుని వరల్డ్ సిరీస్ గెలిచింది. బదులిచ్చిన కోల్ రేగన్స్ మరుసటి ఏడాదే ఆల్-స్టార్. అటూ నష్టపోలేదు, ఇటూ నష్టపోలేదు. అలాంటివీ జరుగుతాయి.

నేను మీ బల్లమీద పెట్టాలనుకునేది మాత్రం రిలీవర్ ఆండ్రూ మిల్లర్ కథ. 2016లోనే క్లీవ్‌లాండ్ నలుగురు కుర్రాళ్ళనిచ్చి అతన్ని తెచ్చింది. వాళ్ళలో పేరు మోసినవాళ్ళు క్లింట్ ఫ్రేజియర్, జస్టస్ షెఫీల్డ్. మిల్లర్‌ని మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా ఎలా వాడాడో గుర్తుందా? తొమ్మిదో ఇన్నింగ్స్‌కి తాళం వేసి దాచలేదు. బోస్టన్‌తో మొదటి మ్యాచ్‌లో ఐదో ఇన్నింగ్స్‌లోనే పిలిచాడు. ఎక్కడ మంట లేస్తే అక్కడికే నీళ్ళు. ఆ అక్టోబర్‌లో మిల్లర్ 19 ఇన్నింగ్స్ పైచిలుకు వేసి 30 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అమెరికన్ లీగ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు. క్లీవ్‌లాండ్ కొన్నది ఒక చేతిని. అది విలువైనదయింది ఆ వాడకం వల్ల. షెఫీల్డ్ తర్వాత ఏమయ్యాడో మీకు నేను చెప్పాలా? 2018లో జేమ్స్ పాక్స్‌టన్‌ని ఇచ్చి అతన్ని తెచ్చుకున్నది మీరే. నారు అన్నది ప్రతిసారీ పంట కాదు. అదే ఏడాది 57 సేవ్‌లు చేసిన ఎడ్విన్ డియాజ్‌ని న్యూయార్క్ మెట్స్‌కిచ్చినప్పుడు జారెడ్ కెలెనిక్‌ని చూసి మేమంతా పొంగిపోయాం. ఆ పొంగూ చల్లారింది.

అందుకే ఇప్పుడు అసలు మాట. దీపావళి రాత్రి మీకు లేనిది మంచి రిలీవర్ కాదు. ఉన్నాడు, కూర్చునే ఉన్నాడు. అంతకు పదిరోజుల ముందు, డెట్రాయిట్‌తో పదిహేను ఇన్నింగ్స్ నడిచిన ఐదో మ్యాచ్‌లో, మొదలుపెట్టే పిచర్లయిన లోగన్ గిల్బర్ట్‌నీ లూయిస్ కాస్టియోనీ కూడా రిలీఫ్‌కి దింపారు. ఆ రాత్రి రేపటి కోసం ఎవర్నీ దాచలేదు. హోర్హే పొలాంకో గెలుపు దెబ్బ కొట్టినప్పుడు మా వీధిలో ఎవరో కారు హారన్ ఆపకుండా మోగించారు. మరి టొరంటోలో రేపన్నదే లేని మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం మొనగాణ్ణి దాచడమేమిటి? బజార్డోని నిందించను. ఆ కుర్రాడు ఏడాదంతా అడిగినప్పుడల్లా బంతి పట్టాడు. ఆ నిర్ణయంలో ఉన్న లోటుని పూడ్చడానికి కేడ్ ఆండర్సన్ లాంటి పిచర్ని ఇంకో ఊరికి పంపితే, రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

పైగా రిలీవర్ల విషయంలో మీకు చేతి విద్య ఉంది. మెట్స్ వదిలేసిన పాల్ సివాల్డ్‌ని మైనర్ (కింది) లీగ్ ఒప్పందం మీద తెచ్చి క్లోజర్ని చేశారు. మున్యోజ్‌ని మోచేతి ఆపరేషన్ అయి ఇంకా కోలుకుంటుండగానే తెచ్చారు. బజార్డో అయితే ఎవరూ పట్టించుకోని చిన్న ట్రేడ్‌లో వచ్చినవాడు. డిపోటో గారూ, మీరే ఒకప్పుడు రిలీవర్. ఎనిమిది సీజన్లు పెద్ద లీగులో ఆ బుల్‌పెన్ బల్లమీద కూర్చున్న మనిషి. ఒక రిలీవర్ ఏడాది ఒకలా, మరుసటేడు ఇంకోలా ఉంటాడని మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. కానీ మన అనుభవం చూడండి. 2024లో టొరంటో నుంచి యిమీ గార్సియాని తెచ్చాం, పది మ్యాచ్‌లకే మోచేయి మొరాయించింది, ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి, అతను తిరిగి టొరంటోకే వెళ్ళాడు. 2025లో మెట్స్ సెయింట్ లూయిస్ నుంచి రయాన్ హెల్స్‌లీని తెచ్చుకుంటే, సెయింట్ లూయిస్‌లో 3.00 ఉన్న ఇ.ఆర్.ఏ. మెట్స్‌లో 7.20 అయింది. వాళ్ళూ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు.

ఇంకోవైపు 2021 కూడా నేను మరిచిపోలేదు. హ్యూస్టన్‌ మీద అద్భుతంగా గెలిచిన మరునాడే క్లోజర్ కెండల్ గ్రేవ్‌మన్‌ని ఆ హ్యూస్టన్‌కే ఇచ్చేశారు. డ్రెస్సింగ్ రూమ్ మండిపోయిందని పేపర్లన్నీ రాశాయి. ఒక రిలీవర్ అంటే ఇన్నింగ్స్ లెక్కే కాదు, తొమ్మిదోది ఇతను చూసుకుంటాడన్న ధీమా అని అప్పుడు మీకూ తెలిసింది. కనుక "అసలు కొనకండి" అనే మొండివాణ్ణి కాను నేను.

కొనండి. మిగులు నారుతో కొనండి. 2025 జూలైలో రిలీవర్ కేలబ్ ఫెర్గూసన్ కోసం కింది స్థాయిలో ఉన్న ఒక్క కుర్ర పిచర్‌ని ఇచ్చారే, అది మందు చీటీకి తగ్గ ఖర్చు. ఒకే స్థానానికి ముగ్గురు పోటీపడుతున్నచోట ఒకరినివ్వండి. ముప్పై ఐదేళ్ళ చేతికి, రెండు నెలల అద్దెకి, మొదటి వరసలో ఉన్న పిచర్లని మాత్రం ముట్టుకోకండి. అవతలివాళ్ళు వాళ్ళనే అడుగుతారు, మీ ఫోన్ పెట్టేసే వేగం కూడా బేరంలో భాగమే. సేవ్‌ల అంకె మీద చెయ్యి పెట్టి మూసేసి, ఈ ఏడాది అతని బంతి వేగం తగ్గిందా, వాక్‌లు (గురి తప్పి బ్యాటర్‌కి ఊరకే ఇచ్చే బేస్‌లు) పెరిగాయా, గడిచిన రెండేళ్ళలో ఎన్నిసార్లు చెయ్యి పట్టుకుని మైదానం దిగాడు అన్నవి చూడండి. ఇవన్నీ మీ దగ్గరున్న కంప్యూటర్లకి నాకంటే బాగా తెలుసు. జూలై చివరి రోజుల్లో అభిమానుల అరుపుల్లో అవి వినబడకుండా పోతాయన్నదే నా భయం. ఆ అరుపుల్లో నాదీ ఒకటుంటుంది, దాన్ని పట్టించుకోకండి.

ఇంకొక్కటి. ఆ సీనియర్ రిలీవర్ పేరు ఖాయం చేసేముందు డాన్ విల్సన్ గారిని మీ గదికి పిలవండి. స్లోకంబ్ వచ్చినప్పుడు ప్లేట్ వెనక కూర్చుని ఆ బంతులు పట్టింది ఆయనే, ఆ చేతికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆయన్ని ఒకటే అడగండి: ఏడో ఇన్నింగ్స్, ఇద్దరు బేస్‌ల మీద, ఒకడే అవుటయ్యాడు, స్ప్రింగర్ లాంటివాడు బ్యాట్ పట్టుకుని వస్తున్నాడు, అప్పుడు ఇతన్ని పిలుస్తారా, మున్యోజ్‌ని పిలుస్తారా, ఇద్దర్నీ దాచి ఇంకొకర్ని పంపుతారా? ఆయన జవాబు విన్నాకే అవతలివాళ్ళకి ఫోన్ చేయండి.

మా నాన్న జూన్‌లో మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఆయన్ని మన మైదానం టి-మొబైల్ పార్క్‌కి తీసుకెళ్ళి, బుల్‌పెన్ ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపిస్తానని మాటిచ్చాను. మతాబులు ఎలాగూ గరాజ్‌లో ఉన్నాయి.

ఇట్లు,
బాతెల్‌లో ఉండే, పైఅంతస్తు టికెట్ల మీ అభిమాని